పొద్దున పదికల్లా స్క్రిప్టు ఇవ్వాలన్నారు



ఆగస్టు 9 దగ్గరకొస్తోంది. చాలా హాస్టళ్ళలో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ "స్టేజీ మీద ఏం చేయాలి, ఎవరు రాస్తారు, టైం ఎక్కడుంది" అని తల పట్టుకుని కూర్చుని ఉంటారు. పోయినేడాది మా పరిస్థితీ అదే. సాయంత్రం ఐదింటికి చెప్పి, మర్నాడు పొద్దున పదింటికల్లా స్క్రిప్టు ఇమ్మన్నారు. ఇచ్చాం. ఆ పదిహేడు గంటల్లో ఏం జరిగిందో, రాసేవాళ్ళకి ఏం పనికొస్తుందో చెబుదామని ఈ పోస్టు. కొంచెం పొడుగే. అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

ముందు ఆ తేదీ గురించి రెండు మాటలు. ఐక్యరాజ్య సమితి 1994 డిసెంబరులో ఆగస్టు 9ని ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించింది. ఆ తేదీయే ఎందుకంటే, ఆదివాసీల సమస్యల మీద సమితి పెట్టిన వర్కింగ్ గ్రూపు 1982లో మొదటిసారి కూర్చుని మాట్లాడిన రోజు అది. అంటే ఈ రోజు పుట్టిందే మాట్లాడుకోవడం నుంచి. మన దగ్గర మాత్రం ఆ రోజు చాలా స్టేజీల మీద మాట్లాడేది వేరేవాళ్ళు, ఆడేది మనం.

ఆడటం తప్పని కాదు. రేల పాట మనది, కొమ్ము ఆట మనది. డోలు మోగితే మా కాళ్ళు కూడా ఆగవు. కానీ మాకు చెప్పింది ఆ ఆటలు కాదు. నడుముకి ఆకులు, మొహానికి రంగు, తలకి ఈకలు, వెనక సినిమా పాట. మా గదిలో ఉన్న ఆరుగురి ఊళ్ళలో ఏ ఊళ్ళోనూ ఎవరూ ఆకుల లంగా కట్టరు. అది సినిమాల్లోంచి వచ్చిన వేషం.

మిగతా వాళ్ళకి ప్రోగ్రాం సంగతి జులైలోనే చెప్పారు. మాకు మాత్రం నాలుగు రోజుల ముందు, సాయంత్రం ఐదింటికి చెప్పారు. "మీదెలాగూ డ్యాన్సే కదా, మీకు ప్రాక్టీసు అక్కర్లేదు" అన్నారు. ఆ మాట తిట్టు కాదు. నవ్వుతూనే అన్నారు. అందుకే ఇంకా గుచ్చుకుంది. మాలో ఒకడు ఉండబట్టలేక, "సార్, మేం నాటిక వేస్తాం" అన్నాడు. "స్క్రిప్టు చూడకుండా ఎవర్నీ స్టేజీ ఎక్కనివ్వం. రేపు పొద్దున పదింటికల్లా రెండు కాపీలు ఇవ్వండి. పన్నెండు నిమిషాలు మీవి. ఇవ్వకపోతే డ్యాన్సే" అన్నారు. అప్పటికి మా చేతిలో కథ లేదు, పేరు లేదు, ఒక్క వాక్యం లేదు.

మేము ఆరుగురం. ముగ్గురం కోయ, ఇద్దరు కొండరెడ్లు, ఒకరు లంబాడా. మా ఇళ్ళల్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. కథలు రాసిన అలవాటు ఎవరికీ లేదు. రికార్డులు రాశాం, అసైన్‌మెంట్లు రాశాం, స్కాలర్‌షిప్ రాలేదని అర్జీలు రాశాం. అర్జీలు మాత్రం బాగా రాస్తాం.

సైకిల్ స్టాండు దగ్గర నిలబడే టైం పంచుకున్నాం. గోదావరి పక్కన పెరిగినవాళ్ళకి లెక్క వేరే నేర్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీళ్ళు 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చింది, 2022 జులైలో 71.3. ఏ హెచ్చరికకి ఏం సర్దుకోవాలో మా అమ్మానాన్నలకి తెలుసు. మొదటిదానికి బియ్యం, కాగితాలు పైకి ఎక్కించాలి. రెండోదానికి మేకల్ని గట్టెక్కించాలి. మూడోదానికి ఇంక దేనికోసమూ వెనక్కి పోకూడదు. మేమూ అట్లాగే పెట్టుకున్నాం. రాత్రి తొమ్మిదికి మొదటి హెచ్చరిక: ఏ కథో తేలిపోవాలి. ఒంటిగంటకి రెండోది: మొదటి నుంచి చివరిదాకా ఒకసారి రాసేసి ఉండాలి, బాగున్నా బాగోకపోయినా. తెల్లారి ఐదుకి మూడోది: ఆ తర్వాత కొత్త మాట ఒక్కటి కూడా చేర్చకూడదు, సాపు రాయడమే.

ఇట్లా విడగొట్టుకోకపోతే ఏమవుతుందో మీకూ తెలుసు. రాత్రంతా కథ గురించి మాట్లాడతాం, తెల్లారేసరికి మాటలుంటాయి, కాగితం ఉండదు.

ఆరు నుంచి ఏడున్నర దాకా మొదట వచ్చినవన్నీ మేము స్టేజీల మీద విన్నవే. కొమరం భీం మీద వేద్దామని ఒకరు, రంప తిరుగుబాటు మీద వేద్దామని ఒకరు. అవి పెద్ద కథలు. 1940లో జోడేఘాట్‌లో ఏం జరిగిందో పన్నెండు నిమిషాల్లో, నాలుగు రోజుల ప్రాక్టీసుతో, తువ్వాళ్ళు తుపాకులుగా పట్టుకుని వేస్తే ఆయనకి మర్యాద కాదు. పైగా అందరికీ తెలిసిన డైలాగులే మా నోట్లోంచి కూడా వస్తున్నాయి. మాది అని చెప్పుకునేది అందులో ఏముంది?

మెస్సులో సాంబారు పోయించుకుంటుంటే కథ దొరికింది. నిజంగా అట్లాగే జరిగింది, కల్పించి చెప్పట్లేదు. వంట చేసే అక్క కోయ ఆవిడే. మాలో ఒకడు ఆమెతో కోయలో మంచినీళ్ళు అడిగాడు. పక్కనున్న కొండరెడ్డి తమ్ముడు, "ఏరు ఎందుకురా ఇప్పుడు, వాగుకు పోతావా?" అని ఎగతాళి చేశాడు. రోజూ చేసే ఎగతాళే అది. కోయలో ఏరు అంటే నీళ్ళు. ఊరిని బట్టి పలుకు కొంచెం మారుతుంది గానీ మాట అదే. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మాకు అదొక పాత నవ్వులాట.

అప్పుడు మా కోయ అన్న ఒకరు కంచంలోంచి తలెత్తకుండా అన్నాడు: "ఒకటో తరగతిలో నేను ఏరు అని అడిగితే, వాగుకు పోతానంటున్నాడని కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగలే."

ఎవరూ నవ్వలేదు. రెండేళ్ళ నుంచి ఒకే గదిలో ఉంటున్నాం, ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత ఒక్కొక్కరం మొదలుపెట్టాం. లంబాడా తమ్ముడు చెప్పాడు, వాళ్ళ ఇంట్లో నీళ్ళని పాణి అంటారు, బళ్ళో ఆ మాట అన్నప్పుడల్లా "హిందీ మాట్లాడుతున్నావా" అనేవారట. కొండరెడ్ల ఇంటి మాట తెలుగే. అయినా వాళ్ళ యాస విని క్లాసంతా నవ్వేదట, అందుకే ఇంటర్ అయ్యేదాకా క్లాసులో లేచి నిలబడలేదట. తొమ్మిది కాకముందే మొదటి హెచ్చరిక దాటేశాం. నాటిక పేరు 'ఏరు'.

ఇక్కడ ఒక మాట. ఇది మా ఆరుగురి సొంత బాధే కాదు. రాజ్యాంగంలో 350ఎ అని ఒక అధికరణం ఉంది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకి ప్రాథమిక చదువు తల్లిభాషలో చెప్పే ఏర్పాటు చేయాలని 1956లో చేర్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అని ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు వేశారు. తెలుగు లిపిలోనే, మన మాటలతో. మా ఆరుగురిలో ఎవరమూ ఆ పుస్తకాల బడిలో చదవలేదు. ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి. 2003లో సంతాలీ, బోడో చేరాయి. కోయ, గోండి ఇంకా బయటే ఉన్నాయి. ఇవన్నీ నాటికలో పెడదామని మాలో ఒకరు పట్టుబట్టారు. పెట్టలేదు. ఆరేళ్ళ పిల్లాడికి దాహం వేస్తుంటే పక్కన నిలబడి అధికరణాలు చదివితే చూసేవాళ్ళకి పిల్లాడు కనిపించడు.

సరే, రాయడం ఎట్లా? ఆరుగురం ఒకే కాగితం మీద పడితే కాదు. పని పంచుకున్నాం. ఒకరు రాస్తారు, అంతే, చేతిరాత బాగున్నవాళ్ళు. ఇద్దరు నిలబడి మాట్లాడుతూ వేషం వేస్తారు. ఒకరు ఫోన్లో టైమర్ చూస్తారు. మిగిలిన ఇద్దరు వినేవాళ్ళు, అర్థం కాకపోతే చెయ్యెత్తాలి. కోయ మాటలు వచ్చినప్పుడు కోయవాళ్ళమే పలికాం, రాసేది మాత్రం లంబాడా తమ్ముడు. ఎందుకంటే అతనికి ఆ భాష రాదు, కాబట్టి విన్నది విన్నట్టు రాశాడు. మేం రాస్తే తెలుగులో ఎట్లా ఉంటుందో అట్లా సరిచేసేస్తున్నాం, చేతికి అట్లా అలవాటైపోయింది. కోయ మాటల్ని తెలుగు అక్షరాల్లో పెట్టడం ఆ రాత్రే మొదటిసారి మాకు. ఇరవై ఏళ్ళొచ్చాక, ఇంట్లో మాట్లాడే భాషని మొదటిసారి కాగితం మీద చూసుకున్నాం. కొంచెంసేపు ఎవరం ఏం మాట్లాడలేదు.

టైమర్ సంగతి కూడా చెప్పాలి. లాంగ్ నోటుబుక్కులో ఒక పేజీ మాటలు, నడకలతో కలిపి పలికితే రెండు నిమిషాలు పట్టింది. అంటే పన్నెండు నిమిషాలకి ఆరు పేజీలు. అంతకు మించి ఎంత బాగున్నా వద్దు. ఈ లెక్క తెలిశాక భయం సగం పోయింది. 'ఒక నాటిక రాయాలి' అంటే కొండంత ఉంటుంది. 'ఆరు పేజీలు' అంటే కనిపిస్తుంది.

కథ ఇదీ. మొదటి రంగం బడి. జూన్ నెల, మొదటి రోజు. పిల్లాడు ఏరు అంటాడు. సార్ చెడ్డవాడు కాదు. "ఏరా? ఏరు ఊరవతల ఉంది నాన్నా, కూర్చో" అంటాడు. పిల్లాడు మళ్ళీ అడుగుతాడు. "వాగులో ఆడుకోవడానికి బడి ఎగ్గొడతావా" అని గద్దిస్తాడు. పక్కనున్న పిల్లకి రెండు భాషలూ తెలుసు, కానీ భయం, నోరు తెరవదు. కుండ రెండడుగుల దూరంలోనే ఉంటుంది. రెండో రంగం ఎండాకాలం. అదే సార్ బండి చెడిపోయి పిల్లాడి ఊళ్ళో ఆగుతాడు. దాహం. ఒక ముసలమ్మని నీళ్ళు అడుగుతాడు. ఆమెకి అర్థం కాదు. అప్పుడు సారుకి పిల్లాడి బాధ తెలుస్తుంది.

పన్నెండున్నరకి ఇదంతా రాసేశాం. రెండో హెచ్చరికకి ఇంకా అరగంట ఉంది. సంతోషమే. అప్పుడు వినేవాళ్ళలో ఒకడు చెయ్యెత్తాడు. "అర్థం కాకపోవడమేంటి? మా అవ్వకి నీళ్ళంటే తెలుసుగా."

గదంతా చల్లబడిపోయింది. నిజమే. మా ఊళ్ళల్లో బడికి పోని ముసలమ్మకి కూడా నీళ్ళంటే తెలుసు. సంతకి పోతుంది, ఆస్పత్రికి పోతుంది, ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. తెలుగు రాకపోతే ఒక్క రోజు గడవదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊళ్ళ వాళ్ళకైతే హిందీ మాట కూడా తెలుసు. ముసలమ్మకి అర్థం కాలేదని రాస్తే నాటిక చక్కగా ముగుస్తుంది, కానీ అబద్ధం అవుతుంది. మన ఊరి నుంచి ఎవరైనా చూస్తే "మమ్మల్ని అంత తెలివితక్కువవాళ్ళుగా చూపించారేందిరా" అంటారు. ఆకుల లంగా మేం కట్టుకోం అన్నాం గానీ, మా అవ్వకి కట్టినట్టే అయ్యేది.

టైం లేదు, ఇట్లాగే ఇచ్చేద్దాం అని ఇద్దరన్నారు. మార్చాల్సిందే అని నలుగురం. గొంతులు పెరిగాయి. పక్క గదివాళ్ళు గోడ కొట్టారు. చివరికి మా కోయ అన్న ఫోన్ తీసి ఇంటికి చేశాడు. ఒంటిగంట అవుతోంది. వాళ్ళ అమ్మ ఏమైందో అని కంగారుగా ఎత్తింది. అన్నం తిన్నావా, జ్వరమా, డబ్బులు కావాలా, మూడు ప్రశ్నలూ అయ్యాక అడిగాడు: "అమ్మా, ఎండన పడి ఎవరన్నా సారు మనింటికొస్తే ఏం చేస్తావు?"

ఆవిడ కోయలో చెప్పింది, స్పీకర్లో అందరం విన్నాం. తెలుగులో చెప్పాలంటే ఇంతే: "ముందు ఏరు ఇస్తా. ఊరూ పేరూ తర్వాత అడుగుతా. వాళ్ళు నోరు తెరిచి అడిగేదాకా ఎందుకు ఆగుతాను, మొహం చూస్తే తెలీదా?"

ఫోన్ పెట్టేశాక పది నిమిషాల్లో రెండో రంగం మారిపోయింది. సార్ వస్తాడు. నోరెండిపోయి ఉంటుంది. ఇంకా అడగకముందే ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి చేతిలో పెడుతుంది. సార్ తాగి, ఆశ్చర్యంగా, "నేను అడగనే లేదు కదమ్మా, నీకు నీళ్ళంటే తెలుసా?" అంటాడు. ముసలమ్మ అంటుంది: "మీ నీళ్ళు మాకు తెలుసు సారూ. మా ఏరే మీకు తెలవకపాయె." అంతే. వెనక పిల్లాడు ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోతాడు. నాటిక అయిపోయింది.

ఆ చివరి మాట మాలో ఎవరు అన్నారో ఇప్పటికీ తేలలేదు. ముగ్గురు తమదే అంటారు. ఫస్టు పేజీలో 'రచన' అని రాసిన చోట మా ఆరుగురి పేర్ల కింద ఆ అమ్మ పేరు కూడా రాశాం. ఆవిడ సంతకం పెట్టడం కూడా పెద్దయ్యాక నేర్చుకుంది. తన పేరు ఒక పుస్తకం పని మీద ఎక్కడైనా పడటం అదే మొదలు.

మూడో హెచ్చరిక ఐదింటికి. నాలుగూ నలభైకి ఇంకో ఆలోచన వచ్చింది, బడిలో ఒక పాట పెడదామని. మంచి ఆలోచనే. పెట్టలేదు. తెల్లారాక ఇద్దరు సాపు రాశారు, నలుగురు నిద్రపోయారు. తొమ్మిదిన్నరకి జిరాక్సు షాపు తీయించి రెండు కాపీలు తీయించాం. పదికి పది నిమిషాల ముందు బల్ల మీద పెట్టాం.

చదివినాయన బాగుందనే అన్నారు. కానీ ఒక షరతు పెట్టారు: "ఈ కోయ మాటలు తీసేయండి. హాల్లో సగం మందికి అర్థం కాదు." మేము ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. రాత్రంతా ఆరుగురం దేని గురించి కొట్టుకున్నామో అదే ఆయన నోట్లోంచి వచ్చింది. గొడవ పడలేదు. అర్జీలు రాసిన అలవాటు అక్కడ పనికొచ్చింది. మెల్లగా చెప్పాం: "సార్, అర్థం కాకపోవడమే కథ. రెండు నిమిషాలు హాల్లో వాళ్ళకి అర్థం కాకపోతే, ఆ పిల్లాడికి సంవత్సరం పాటు ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. మీరు ఒక్క రిహార్సల్ చూడండి. అప్పుడు కూడా తీసేయమంటే తీసేస్తాం." ఆయన కాసేపు కాగితాలు తిరగేసి, సంతకం పెట్టారు. రిహార్సల్‌కి వచ్చారు. తీసేయమని మళ్ళీ అనలేదు.

స్టేజీ మీద ఏం జరిగిందంటే, పిల్లాడు మొదటిసారి ఏరు అనగానే హాలంతా నిశ్శబ్దం. వెనకాల గుమ్మం దగ్గర నిలబడ్డ మా వంట అక్క ఒక్కతే గట్టిగా నవ్వింది. ఆమెకొక్కదానికే అర్థమైంది కాబట్టి. అందరూ వెనక్కి తిరిగి ఆమెని చూశారు. ప్రోగ్రాముల్లో ఎప్పుడూ ప్లేట్లు సర్దే ఆవిడ. ఆ హాల్లో మొదటిసారి, ఏం జరుగుతోందో ముందుగా తెలిసిన మనిషి ఆవిడే. మాకు ప్రైజు రాలేదు, ఆ రోజు నాటికలకి ప్రైజులు లేవు. ఆ నవ్వు చాలు అనుకున్నాం.

తర్వాత మా తెలుగు సార్ పిలిచి మాట్లాడారు. ఒక్క రాత్రిలో రాశామని మేం గొప్పగా చెప్తుంటే ఆయన దోస్తోయెవ్‌స్కీ సంగతి చెప్పారు. ఆ రష్యా రచయిత 1866లో ఒక ప్రచురణకర్తతో ఒప్పందంలో ఇరుక్కున్నాడు. నవంబరు 1 లోపు కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళ పాటు ఆయన రాసేవన్నీ డబ్బివ్వకుండా వేసుకునే హక్కు అతనికి పోతుంది. అక్టోబరు మొదలయ్యేసరికి నవల లేదు. అన్నా అనే స్టెనోగ్రాఫర్‌ని పెట్టుకుని, ఆయన చెప్తుంటే ఆమె రాస్తూ, 26 రోజుల్లో 'జూదరి' నవల పూర్తి చేశారు. ఇవ్వడానికి పోతే ప్రచురణకర్త ఊళ్ళో లేడు. పోలీసు అధికారి దగ్గర అప్పజెప్పి రసీదు తీసుకున్నాడట. అప్పుడు అన్నాకి ఇరవై ఏళ్ళు. మా వయసే.

"26 రోజుల్లో ఎట్లా రాయగలిగాడు సార్?" అని అడిగాం. "జూదం ఆడి డబ్బు పోగొట్టుకున్న మనిషి అతనే కదా. నవల లోపల ఎప్పటినుంచో ఉంది. 26 రోజులు పట్టింది బయటికి తీయడానికే" అన్నారు. మా సంగతీ అంతే. 'ఏరు' ఒక్క రాత్రిలో పుట్టింది కాదు. ఒకటో తరగతి నుంచి మోస్తున్నాం. ఆ రాత్రి దించాం.

సార్ అవధానం గురించి కూడా చెప్పారు. అష్టావధానంలో ఎనిమిది మంది చుట్టూ కూర్చుని అడుగుతుంటే అవధాని కాగితం లేకుండా పద్యం చెప్పాలి. నిషిద్ధాక్షరి అని ఒకటుంది, ఒక్కో అక్షరం దగ్గర ఇది వాడొద్దు అని అడ్డం పడుతుంటారు. దత్తపదిలో వాళ్ళిచ్చిన మాటలే పద్యంలో పెట్టాలి. అది వింటుంటే మాకు మన రేల పాట గుర్తొచ్చింది. మన దగ్గర పాట మొదలుపెట్టినావిడ ఒక చరణం అంటుంది, మిగతావాళ్ళు రేలా అని అందుకుంటారు. వాళ్ళు అందుకునే ఆ కాస్సేపే ఆమెకి తర్వాతి చరణం కట్టుకోవడానికి టైం. పెళ్ళికొచ్చిన బావని చూసి అప్పటికప్పుడు పాట కట్టి ఏడిపిస్తారు కదా, అదెవరు రాసిచ్చారు? టైం లేకుండా మాట కట్టడం మనకి కొత్త కాదు. కాగితం మీద కట్టడమే కొత్త.

ఆయనే ఇంకో సంగతి చెప్పారు, అది మాకు అస్సలు తెలీదు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున చేస్తారు. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండి సవర భాష నేర్చుకున్నారు. సవరల కోసం పుస్తకాలు రాశారు, 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. తెలుగు పండుగ ఎవరి పేరున చేస్తున్నామో ఆయన, పిల్లల ఏరుని అర్థం చేసుకోవడానికి ముందు తను నేర్చుకున్న సారు. ఈ సంగతి ముందే తెలిసుంటే నాటికలో సారుకి ఇంకో రంగం ఉండేదేమో. ఆరు పేజీలు దాటేది గానీ.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. మాకు ఒక్క రాత్రిలో అయిందని, మీకూ ఒక్క రాత్రి చాలు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మిగతావాళ్ళకి ఇరవై రోజులిచ్చి మనకి పదిహేడు గంటలివ్వడం మన టాలెంటుకి పరీక్ష కాదు, మనల్ని మర్చిపోవడం. ఈ ఏడాది జూన్‌లోనే మేము కాగితం పెట్టాం, ప్రోగ్రాం తేదీ, టైం, నిబంధనలు నోటీసు బోర్డులో పెట్టాలని. పెట్టారు. గడువు దగ్గరుంటే పని తెగుతుంది నిజమే. కానీ ఆ గడువు మనం పెట్టుకున్నది కావాలి.

రాసేవాళ్ళకి మా అనుభవంలోంచి ఇవి. ముందు సైజు తెలుసుకోండి, ఎన్ని నిమిషాలు, ఎన్ని పేజీలు, ఎంతమంది. రాత్రిని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఏం అయిపోవాలో గోడ మీద రాసుకోండి. రాసేది ఒక్కరే ఉండాలి, చెయ్యెత్తి "ఇది నిజం కాదు" అనేవాడు ఒక్కడైనా ఉండాలి. వాడి మీద కోపం వస్తుంది, రానివ్వండి. అనుమానం వస్తే ఇంటికి ఫోన్ చేయండి, ఏ లైబ్రరీలోనూ దొరకనిది అమ్మ దగ్గర దొరుకుతుంది. పెద్ద మాటల కోసం వెతక్కండి, మెస్సులో మాట్లాడుకునే మాటల్లో చూడండి.

ఈసారి 'ఏరు'ని మిగతా భాషల్లోకి మారుద్దామని కూర్చున్నాం. గోండిలో సులువుగానే వచ్చేట్టుంది, అక్కడా నీళ్ళని యేర్ అంటారు. లంబాడీలో మాత్రం కుదరట్లేదు. పాణి అంటే తెలుగు సారుకి కూడా ఎంతో కొంత తెలుస్తుంది, కథ నిలబడదు. ఇంకో మాట కావాలి. ఇంట్లో మామూలు మాటై ఉండి, బళ్ళో వేరే అర్థం అయ్యేది. సవర, కొలామి, కువి, జాతాపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఇళ్ళల్లో అట్లాంటి మాటలు తప్పకుండా ఉంటాయి. చిన్నప్పుడు బళ్ళో ఏ మాట అని దెబ్బలు తిన్నారో, దేనికి క్లాసు నవ్విందో, అది కింద రాయండి. ఏ ఊరి మాటో, ఇంట్లో అర్థం ఏంటో, సారు ఏమనుకున్నారో, మూడు ముక్కలు చాలు. అవన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించే పని మేము చేస్తాం, చేతిరాత బాగున్న తమ్ముడు ఒప్పుకున్నాడు.

స్క్రిప్టు కావాలన్నవాళ్ళు అడగండి, పంపిస్తాం. వేసుకోండి, మీ ఊరి మాటకి మార్చుకోండి. ముసలమ్మ వేషానికి మాత్రం మంచి మనిషిని చూసి పెట్టండి. రచన దగ్గర ఆ అమ్మ పేరు తీసేయొద్దు.

జోహార్.